బోర్డు లేని షాపు, ఇత్తడి అతుకు

పర్లాకిమిడిలో సైకిల్ ఫ్రేమ్ పగిలితే ఎక్కడికి తీసుకెళ్లాలని ఈ నెలలో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ ఫోన్లో ఒకే కథ చెప్పాను. నాలుగోసారి చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను. ఇకపై ఎవరడిగినా ఇదే పంపిస్తాను.

షాపుకి బోర్డు లేదు. బజారు నుంచి రాజుగారి కోట వైపు పోయే సందుల్లో ఒకదానిలో, గోడకి ఆనించిన పాత రిమ్ములు గుట్టగా కనిపిస్తే అదే. పెద్దాయనకి డెబ్బై దాటి ఉంటాయి. అందరూ బాబాయ్ అంటారు, నేనూ అదే అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఇంత రాసినందుకు రేపు పంక్చర్ కూడా ఊరికే వేయడు.

నాది మందుల షాపు. పొద్దున్నే ఐదింటికి సైకిలెక్కి పాతపట్నం నీలమణి అమ్మవారి గుడి దాకానో, కొండల వైపో పోయొచ్చి ఎనిమిదిన్నరకి షట్టరు తీస్తాను. బండి ఇరవై ఏళ్ల నాటి స్టీలు మౌంటెన్ బైకు. గేర్లు పద్ధెనిమిదని స్టిక్కరు మీద ఉంది, పడేవి ఆరు. 2,800కి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బరువు అడగకండి.

శివరాత్రికి వారం ముందు మహేంద్రగిరి ఎక్కుదామని బుద్ధి పుట్టింది. జాతర రోజుల్లో అయితే జీపులకే దారుండదు, ముందే పోయొద్దామని. కొండ 1,501 మీటర్లు. సగం తొక్కుతూ, సగం తోసుకుంటూ పైన భీముడి గుడి దాకా వెళ్లాను. దిగేటప్పుడు కింద నుంచి టిక్, టిక్ అని సద్దు మొదలైంది. పెడలు అనుకున్నాను. ఇంటికొచ్చి పెడల్ విప్పి గ్రీజు పెట్టాను, సద్దు పోలేదు. మూడో రోజు తడిగుడ్డతో తుడుస్తుంటే హ్యాండిల్ గొట్టం కింద, కింది పైపు అతుక్కునే చోట తల వెంట్రుకంత గీత కనిపించింది. గోరు పెడితే తగిలింది. తుప్పు నీళ్లు సన్నగా కారి ఎండిపోయి ఉన్నాయి. అది అక్కడే పూర్తిగా విడిపోయి ఉంటే నా పళ్లు ఏ మలుపులో ఏరుకునేవాణ్ణో.

మొదట చేసిన తప్పు కూడా చెప్పాలి. గేట్లు, గ్రిల్లులు చేసే ఒక షాపులో ఇచ్చాను. ఎక్కడో చెప్పను. అతను కరెంటు వెల్డింగు పెట్టి పది నిమిషాల్లో నూటేభై తీసుకున్నాడు. చూడ్డానికి వానపాము చుట్టుకుని పడుకున్నట్టుంది గానీ గట్టిగానే ఉందనుకున్నాను. ఇరవై మూడు రోజులకి మళ్లీ పగిలింది. వెల్డింగు పగల్లేదు, దాని అంచు పక్కన పైపు పగిలింది. గేటు రాడ్డుకి ఆ వేడి లెక్క కాదు, సైకిల్ పైపు గోడ పలచన. వెల్డింగు అంచున పైపు కరిగి ఇంకా పలచబడుతుంది, పక్కనే గడ్డ మందంగా నిలబడుతుంది. బరువంతా ఆ పలచటి అంచు మీదే పడుతుంది.

బాబాయ్ దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతుర్లోకి తిప్పాడు. "ఏటి బాబూ, ఎవుడేసినాడిది? గేటుకి ఏసినట్టు ఏసినాడు." తర్వాత పదకొండు రోజులు పడుతుందన్నాడు. పది కాదు, పన్నెండు కాదు, పదకొండే ఎందుకో ఇప్పటికీ తెలీదు. ఆక్సిజన్ సిలిండరు రావాలట.

సిలిండరు వచ్చిన రోజు షాపు మా అబ్బాయికి అప్పజెప్పి వెళ్లి కూర్చున్నాను. ముందు పాత వెల్డింగు గడ్డలన్నీ గ్రైండరుతో కొట్టేశాడు. పగులు ఎక్కడ ఆగిందో కళ్లజోడు నుదుటి మీదికి తోసి వెతికి, ఆ కొసన సన్న బెజ్జం వేశాడు. బెజ్జం ఉంటే పగులు అంత తేలిగ్గా ముందుకి పాకదు. విరిగిపోయిన ఏదో ఫ్రేమ్ నుంచి కోసిన పైపు ముక్కని నిలువునా చీల్చి, రావి ఆకు ఆకారంలో కత్తిరించి, మా పైపు మీద సరిగ్గా కూర్చునేలా ఆకురాయితో అరగదీశాడు. ఆకు ఆకారం ఎందుకని అడిగాను. చదరంగా పెడితే దాని అంచు దగ్గర మళ్లీ ఇరుగుద్ది, కొసలు దేరితే బరువు నెమ్మదిగా దిగుద్ది అన్నాడు. వాళ్ల నాన్న ఇత్తడి బిందెలకి మాట్లు వేసేవాడట. ఈయన మాటు సైకిల్‌కి వేస్తున్నాడు, అంతే తేడా.

తర్వాత వెలిగారం (బోరాక్స్). అది చూడగానే నాకు మా తాత కుంపటి గుర్తొచ్చింది. ఆయన కంసాలి. పలక మీద వెలిగారం నీళ్లతో అరగదీసి, ఈకతో నగ అతుకు మీద రాసి, ఊదుగొట్టంతో ఊదేవాడు. బాబాయ్ టూత్‌బ్రష్షుతో రాశాడు. మంట తగలగానే అది ముందు పొంగి అటుకుల్లా తెల్లగా లేచింది. ఇంకాస్త వేడికి అణిగి, 740 డిగ్రీల దగ్గర అద్దంలా కరిగి పైపు మీద పారింది. ఆ అద్దం కింద లోహానికి గాలి తగలదు, పొరకట్టదు, అందుకే ఇత్తడి పట్టుకుంటుంది. (మందుల షాపువాణ్ణి కాబట్టి ఒక మాట. చంటిపిల్లల నోటిపూతకి పొంగించిన వెలిగారం తేనెలో కలిపి రాసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. వద్దు. అది అతుకులకి మందు, పిల్లలకి విషం.)

పైపు పండు మిరపకాయ రంగు దాటి నారింజ రంగుకి తిరిగింది. అప్పుడు ఇత్తడి కడ్డీ కొన తాకించాడు. చుక్క పడింది, ఒక్క క్షణం ఉండలా నిలబడి, చటుక్కున మాటు కిందికి జారిపోయింది. బాబాయ్ మంటని అవతలి వైపుకి జరిపాడు. పసుపు గీత ఒకటి సన్నగా ఆకు అవతలి అంచున బయటపడింది. "ఏడి ఎటుంటే అటే పోద్ది. మనం సెప్పక్కర్లేదు, మంట సూపిస్తే సాలు" అన్నాడు. అలా ఆకు చుట్టూ తిప్పుకొచ్చి, పైపులు కలిసే మూల దగ్గర మాత్రం కడ్డీ కాస్త ఎక్కువ కరిగించి ముద్దలా నింపాడు. చల్లారాక ఆ ముద్దని గుండ్రటి ఆకురాయితో నున్నగా లోపలికి వంపు తీశాడు. వేలితో రాస్తే ఒక పైపు ఎక్కడ ఆగిందో, రెండోది ఎక్కడ మొదలైందో తెలియదు.

ఆ వంపు చూడగానే అంతకుముందు చదివింది గుర్తొచ్చింది. సైకిల్ లేని పదకొండు పొద్దుటలు ఏం చేయాలో తోచక, మౌంటెన్ బైకు అసలు ఎలా పుట్టిందో చదువుతూ కూర్చున్నాను. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీలో 1970లలో కొంతమంది కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత ష్విన్ కంపెనీ ఎక్సెల్సియర్ సైకిళ్లు, బెలూన్ టైర్లవి, తుక్కులోంచి తెచ్చుకుని కొండ మీంచి దొర్లించేవాళ్లు. వాటిని క్లంకర్లు అనేవాళ్లు. మన భాషలో డొక్కు సైకిళ్లు. దూకుళ్లకి ఆ పాత ఫ్రేములు వంగేవి, విరిగేవి. ఒకటి పోతే ఇంకొకటి వెతుక్కోవాలి, ఆ మోడలు ఎప్పుడో ఆగిపోయింది. చార్లీ కెల్లీ అనే ఆయన క్రెయిగ్ మిచెల్ చేత ఒక ఫ్రేమ్ చేయించుకున్నాడు. తర్వాత 1977లో జో బ్రీజ్‌ని అడిగాడు. బ్రీజ్ 1974లో ఆల్బర్ట్ ఐసెన్‌ట్రౌట్ దగ్గర రోడ్డు సైకిల్ ఫ్రేములు చేయడం నేర్చుకున్నవాడు. పాత ష్విన్ కొలతలు తీసుకుని, క్రోమ్ మాలిబ్డినం స్టీలు పైపులతో, హ్యాండిల్ గొట్టం నుంచి వెనక చక్రం దాకా రెండు వైపులా అదనంగా సన్న పైపులు వేసి చేశాడు. 1977, 78ల్లో అలాంటివి పది చేశాడు. కొండ కోసమే కొత్తగా చేసిన మొదటి సైకిళ్లలో అవే ముఖ్యమైనవి. మొదటిది ఇప్పుడు అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఇక్కడే బాబాయ్ ఇత్తడి వస్తుంది. మన నల్ల సైకిల్ చూడండి, పైపులు కలిసే చోట తొడుగులాంటి ముక్క ఉంటుంది, లగ్గు అంటారు. పైపు అందులో దూర్చి ఇత్తడి పోస్తారు. కానీ ఆ లగ్గులు ఫలానా లావు పైపుకి, ఫలానా వాలుకి మాత్రమే దొరుకుతాయి. కొండ సైకిల్‌కి పైపు లావుగా కావాలి, ముందు ఫోర్కు ఇంకా వాలుగా ఉండాలి. దానికి లగ్గు బజార్లో లేదు. అందుకే టామ్ రిచీ లాంటివాళ్లు లగ్గు లేకుండానే పైపు కొసని రెండో పైపు గుండ్రానికి సరిపోయేలా చేప నోరులా కోసి, నేరుగా ఆనించి, మూలలో ఇత్తడి ముద్ద పోసి వంపు తీసేవాళ్లు. ఇత్తడి 900 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది, స్టీలు 1,500 దగ్గరికి వెళ్తే గానీ కరగదు. పైపు కరగకుండానే అతుకు పడుతుంది. నా గ్రిల్లు వెల్డింగు ఎందుకు పగిలిందో, పెద్దాయన అతుకు ఎందుకు నిలబడిందో ఆ రెండు అంకెల్లోనే ఉంది. రిచీ అప్పటికి ఇరవైల్లో ఉన్న కుర్రాడు. 1979లో అదే గుంపులోని గ్యారీ ఫిషర్, కెల్లీ కలిసి అతను చేసిన ఫ్రేములతో సైకిళ్లు కట్టి మౌంటెన్‌బైక్స్ అనే పేరుతో అమ్మారు. పేరు తమ సొంతం చేసుకోవాలని చూశారు గానీ కుదరలేదు, ఊరందరి మాట అయిపోయింది.

ఇంత పొగిడాక తిట్లు కూడా రాయాలి కదా.

ఒకటి, గ్రీజు. ఫోర్కు విప్పాడు, గోటీలు తీసి డబ్బాలో పోశాడు, అంతవరకు బాగుంది. గోటీలు కూర్చునే కప్పులు మాత్రం గొట్టంలోనే ఉంచేశాడు, వాటిలో పాత గ్రీజు తుడవలేదు. మంట పెట్టగానే నీలం పొగ లేచి సందంతా మాడు వాసన. ఇంటికి తెచ్చాక కప్పులు నల్లగా పెచ్చులు కట్టి ఉన్నాయి, గీకి శుభ్రం చేసి కొత్త గ్రీజు పెట్టుకోవడానికి ఒక ఆదివారం పోయింది. నవ్వొచ్చిందేమిటంటే, ఆ మారిన్ కుర్రాళ్లు పందెం పెట్టుకున్న దారికి రీప్యాక్ అనే పేరు వచ్చింది ఇందుకే. 1976 అక్టోబర్ 21న మొదటి పందెం. మూడున్నర కిలోమీటర్ల లోపు దారిలో 400 మీటర్లు దిగాలి. ఆ డొక్కు సైకిళ్లకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు, వెనక హబ్బు లోపల ఉండేది. కిందికి వచ్చేసరికి అందులో గ్రీజు మాడి పొగయిపోయేది, హబ్బు విప్పి మళ్లీ గ్రీజు కూరితే గానీ ఇంకోసారి దిగలేరు. ఆ దారిలో గ్యారీ ఫిషర్ రికార్డు 4 నిమిషాల 22 సెకన్లు. నేను ఆదివారం మా పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని చేసిన రీప్యాక్‌కి రెండున్నర గంటలు పట్టింది.

రెండు, రంగు. ఇది పెద్ద తప్పు. వెలిగారం చల్లారాక గాజులా గట్టిపడి అతుకు మీద అంటుకుంటుంది. వేడినీళ్లలో నానబెట్టి, తోమి, పూర్తిగా వదిలించాలి. మా తాత అయితే నగని చింతపండు నీళ్లలో వేసేవాడు. ఈయన తడిగుడ్డతో తుడిచి, ఎమెరీ కాగితం నాలుగుసార్లు తిప్పి, నల్ల పెయింటు కొట్టేశాడు. రెండు వారాలకి మూల దగ్గర పెయింటు పొక్కులు కట్టి రాలింది, కింద తెల్లటి పొడి. విసుగొచ్చి మొత్తం గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, పైన స్ప్రే డబ్బా, అన్నీ నేనే చేసుకున్నాను. బ్రీజ్ చేసిన ఆ మొదటి ఫ్రేములకి రంగు లేదు, నికెల్ పూత. అతుకు మంచిదైతే దాచక్కర్లేదు మరి. మనకిక్కడ పెయింటే.

మూడు, వంకర. ఫ్రేమ్ ఇచ్చేటప్పుడు సూటిగా ఉందో లేదో చూడలేదు. నేను ఇంటి దగ్గర చూశాను. నూలు దారం వెనక చక్రం బిగించే చీలిక దగ్గర కట్టి, ముందు గొట్టం చుట్టూ తిప్పి, రెండో చీలికకి కట్టాలి. సీటు పైపు నుంచి దారం దాకా రెండు వైపులా కొలవాలి. ఒకవైపు 41 మిల్లీమీటర్లు, ఇంకోవైపు 44 వచ్చింది. పట్టుకెళ్లి చూపించాను. వాదించకపోవడం ఆయనలో మంచి గుణం. ఫ్రేమ్‌ని నేల మీద పడుకోబెట్టి, వెనక కాలు సందులో చెక్క దూర్చి, మోకాలితో ఒక్క తొక్కు తొక్కాడు. "ఇప్పుడు సూడు." దారం కట్టాను. 42, 43. స్టీలు కాబట్టి వంగి, వంగిన చోట ఆగింది. పైసా తీసుకోలేదు.

అల్యూమినియం ఫ్రేమ్ ఆయన దగ్గరికి తీసుకెళ్లకండి. ఆయనే తిప్పి పంపేస్తాడు, అయినా కొందరు బతిమాలుతున్నారని విన్నాను. 1979లోనే చార్లీ కన్నింగ్‌హామ్ అదే మారిన్‌లో అల్యూమినియంతో కొండ సైకిల్ చేశాడు, తేలికగా, లావు పైపులతో. కానీ ఆ జాతి అల్యూమినియం వెల్డింగు వేడికి ఆ చోట మెత్తబడుతుంది. బలం తిరిగి రావాలంటే ఫ్రేమ్ మొత్తాన్ని కొలిమిలో లెక్క ప్రకారం కాచి చల్లార్చాలి. సందులో రిమ్ముల గుట్ట పక్కన అది జరిగే పని కాదు. మీ బండికి అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే బాబాయ్ దగ్గరికి వెళ్లండి, అతుక్కోకపోతే డబ్బు కూడబెట్టుకోండి.

ఖర్చు. అతుక్కి 650, రంగుకి 150 (రంగు వద్దని చెప్పేయండి). నూటేభైకి అయ్యే పనికి 650 ఎందుకని మా ఆవిడ అడిగింది. మా ఆవిడకే కాదు, అప్పట్లో అమెరికాలోనూ ఇదే ప్రశ్న. రిచీ ఫ్రేమ్‌తో కట్టిన సైకిలు వెయ్యి డాలర్ల పైమాటే. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ వాళ్లు అలాంటి బండినే జపాన్‌లో కార్ఖానాలో చేయించి స్టంప్‌జంపర్ అని 750 డాలర్లకి అమ్మారు. ఎగబడి కొన్నారు జనం. వాళ్లు అలా చేయకపోతే నాకు 2,800కి ఈ బండి దొరికేది కాదు, అది ఒప్పుకోవాలి. కాకపోతే పగిలిన రోజున ఆ కార్ఖానా మన సందులో ఉండదు.

అతుకు వేసి ఇప్పటికి నాలుగు నెలలు. గుంటల రోడ్డు మీద, కొండ దిగుడులో, వానలో కూడా తొక్కాను. వారానికోసారి ఆ మూల తుడిచి, టార్చి వేసి, గోరు పెట్టి చూస్తాను. ఏమీ తగల్లేదు. మహేంద్రగిరి మాత్రం మళ్లీ దిగలేదు, దానికి అతుకు కారణం కాదు, మా ఆవిడ. పదికి మార్కులు వేయమంటే అతుక్కి తొమ్మిది, మిగతా పనికి అయిదు.

పూర్తి ఫ్రేమ్ చేస్తావా బాబాయ్ అని ఒకరోజు అడిగాను. బ్రీజ్ బండి ఫొటో ఫోన్లో చూపించాను. అద్దాలు దించి చాలాసేపు చూశాడు. ఆ రెండు అడ్డ పైపులూ వేలితో అనుసరించి, ఇవి ఎందుకేసినాడని అడిగాడు. గట్టిదనం కోసమట అన్నాను. "పైపులు లావెడితే సరిపోద్ది గదా, ఇన్నెందుకు" అన్నాడు. తర్వాతి తరం అచ్చంగా అదే చేసిందని నేను చెప్పలేదు, చెబితే ఆ రోజంతా పని ఆగిపోతుంది. పైపు తెచ్చుకుంటే చేస్తానన్నాడు. క్రోమ్ మాలీ పైపు మీటర్లలో అమ్మేవాళ్లెవరైనా విశాఖలోగానీ బరంపురంలోగానీ మీకు తెలిస్తే చెప్పండి.

వెళ్లేవాళ్లకి: పొద్దున తొమ్మిది తర్వాత వెళ్లండి, ఒంటిగంట నుంచి నాలుగు దాకా పడుకుంటాడు. ఫోర్కు, కప్పులు, గోటీలు ఇంట్లోనే విప్పేసి వట్టి ఫ్రేమ్ పట్టుకెళ్లండి. పగులు చుట్టూ నాలుగు వేళ్ల మేర పెయింటు మీరే గీకేస్తే ఆయన మూడ్ బాగుంటుంది. తెలుగైనా ఒడియా అయినా ఒకటే, చీటీ మాత్రం ఒడియాలో రాస్తాడు. ఫోన్ లేదు. సిలిండరు వచ్చిందో లేదో మీరే పోయి చూసుకోవాలి.